కందిరీగలు కుట్టాక నాన్న కిడ్నీలు పనిచేయట్లేదు, మీలో ఎవరికైనా ఇలా అయ్యిందా?

అందరికీ నమస్తే అండి. నాన్నకి 58 ఏళ్లు, షుగర్, బీపీ లేవు. పోయిన ఆదివారం మామిడి తోటలో కొమ్మలు కొడుతుంటే కందిరీగల తుట్టె కదిలి ఒళ్లంతా కుట్టేశాయి, 60 పైనే ఉంటాయి. ఊళ్లో ఇంజెక్షన్ చేయిస్తే వాపు తగ్గింది కదా అని ఊరుకున్నాం, అక్కడే తప్పు చేశాం. మర్నాటి నుంచి మూత్రం డికాషన్ రంగులో, అది కూడా కొంచెమే. టౌన్‌కి తీసుకెళ్తే క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష) 6.8 వచ్చింది, విషానికి కండరాలు దెబ్బతిని వాటిలోంచి వచ్చిన పదార్థం కిడ్నీల మీద పడిందన్నారు. 3 సార్లు డయాలసిస్ అయ్యింది, ఇంకా రోజుకి 200 ఎంఎల్ కూడా రావట్లేదు. కొన్ని వారాల్లో కోలుకోవచ్చు అంటున్నారు డాక్టర్ గారు, కానీ అమ్మ అన్నం కూడా ముట్టట్లేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే మూత్రం ఎన్ని రోజులకి మామూలుగా వచ్చింది, డయాలసిస్ ఎప్పుడు ఆపారు? చుట్టాలేమో ఆకు పసరు పోయమంటున్నారు, నాకైతే చాలా భయంగా ఉంది. దయచేసి చెప్పండి.