తొమ్మిదో తరగతి ఇంగ్లీషుకి బ్లాగు: ఎక్కడ మొదలుపెట్టాలి?

తెల్లకాగితం (ప్రశ్న)

జడ్పీ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. 40 మంది పిల్లలు. ల్యాబ్‌లో నడిచే కంప్యూటర్లు 10. వారానికి ఒక పీరియడ్ ఇస్తామన్నారు, అదీ 45 నిమిషాలు. పిల్లలు బోర్డు మీది దించడంలో దిట్టలు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం పెన్ను కదలదు. అందుకే బ్లాగు రాయిద్దామని ఉంది. ఒక్కొక్కరికీ ఒక బ్లాగు పెట్టించాలా, తరగతికంతా ఒకటి చాలా? తప్పులు ఎప్పుడు, ఎంతవరకు దిద్దాలి? ఇంటర్నెట్ అనగానే ఇళ్లలో, ముఖ్యంగా అమ్మాయిల ఇళ్లలో, వద్దంటారు. వాళ్లకేం చెప్పాలి?

పలక_బలపం

ఒక్కటే పెట్టండి మేడమ్. 40 బ్లాగులు తెరిస్తే నలభైలోనూ ‘మై సెల్ఫ్’ అని ఒక పోస్టు పడుతుంది, అక్కడితో సరి. చదివేవాడు లేని చోట ఎవడూ రెండోసారి రాయడు.

ఇంకో మాట. పిల్లల చేత ముందు పోస్టు రాయించకండి, కామెంటు రాయించండి. మొదటి రెండు వారాలు పోస్టు మీరే రాయండి. 60, 70 పదాలు మించకూడదు, చివర ఒక ప్రశ్న ఉండాలి. మధ్యాహ్న భోజనం పళ్లెం ఫొటో పెట్టి, మీరైతే ఏ రోజు మెనూ మారుస్తారు, ఎందుకు అని అడగండి. దానికి జవాబు లేని పిల్లాడు ఉండడు. కామెంటంటే రెండు వాక్యాలు, తిరిగి ఒక ప్రశ్న. ‘నైస్’, ‘సూపర్’ అని వచ్చినవి ఆమోదించకండి.

కంప్యూటర్‌కి ఇద్దరు చొప్పున ఇరవై మంది కూర్చుంటే మిగతా ఇరవై మంది నోట్‌బుక్‌లో రాస్తూ ఉంటారు. ఇరవై నిమిషాలకి మారాలి. సిస్టమ్‌లు ముందే ఆన్ చేసి పేజీ తెరిచి పెట్టకపోతే పది నిమిషాలు అక్కడే పోతాయి.

మూడో వారం నుంచి పోస్టులు. ఐదుగురికో జట్టు, ఎనిమిది జట్లు. వారానికి రెండు జట్లు రాస్తే నాలుగు వారాలకోసారి వంతు వస్తుంది. మిగతా ఆరు జట్లదీ ఆ వారం కామెంట్ల పని. ఈ వంతు తప్పిందా, పోస్టు కింద ఒక్క కామెంటూ ఉండదు, బ్లాగు నెలకే మూతపడుతుంది. పోస్టు 80 నుంచి 100 పదాలు.

విషయం దగ్గరే అసలు కిటుకు. ‘మై ఎయిమ్ ఇన్ లైఫ్’ ఇస్తే గైడులోంచి దిగుతుంది. గైడులో లేనిది అడగాలి. తొక్కుడుబిళ్ల ఆట తెలియనివాళ్లకి ఎలా ఆడాలో చెప్పమనండి. గడులు ఎన్ని గీయాలి, బిళ్ల గీత మీద పడితే ఏమవుతుంది, ఎప్పుడు అవుట్? ‘ఫస్ట్’, ‘దెన్’, ‘ఇఫ్’ లేకుండా ఆ పోస్టు నడవదు, గ్రామర్ దానంతటదే వస్తుంది. సంతలో ముగ్గురి దగ్గర టమాటా ధర అడిగి రాయమన్నా పోలికలు అలాగే వస్తాయి.

ల్యాబ్_తాళంచెవి

పై పద్ధతికి గూగుల్ వాళ్ల బ్లాగు సేవ ‘బ్లాగర్’ సరిపోతుంది, ఉచితం. కానీ ల్యాబ్‌లో కూర్చోబెట్టి 40 జీమెయిల్ ఖాతాలు తెరిపించకండి. ఒకే కనెక్షన్ నుంచి వరసగా తెరుస్తుంటే గూగుల్ ఫోన్ నంబరు అడుగుతుంది, ఒకే నంబరు అన్నిసార్లు పనికిరాదు. పీరియడ్ మొత్తం ఓటీపీలకే సరిపోతుంది.

బ్లాగు కోసం విడిగా ఒక జీమెయిల్ తెరవండి, మీ సొంతది వద్దు. సెట్టింగ్స్‌లో ఈమెయిల్ విభాగంలో, మెయిల్ ద్వారా పోస్టు చేయడానికి ఒక రహస్య చిరునామా తయారుచేసుకోవచ్చు. వచ్చినవి నేరుగా ప్రచురించకుండా డ్రాఫ్టుగా దాచమని అక్కడే ఎంచుకోండి. సబ్జెక్ట్ శీర్షిక అవుతుంది, లోపలిది పోస్టవుతుంది. మెయిల్ కింద సిగ్నేచర్ ఉంటే అదీ వచ్చేస్తుంది, ముందే తీసేయండి. మీరు చూశాకే పబ్లిష్. పిల్లల్ని రచయితలుగా ఆహ్వానిస్తే ఈ తనిఖీ ఉండదు, బ్లాగర్‌లో రచయిత నేరుగా ప్రచురించగలడు. అదే వర్డ్‌ప్రెస్ అనే ఇంకో బ్లాగు సేవలో అయితే కంట్రిబ్యూటర్ హోదా ఇస్తే మీ ఆమోదం తప్పనిసరి. కాకపోతే కంట్రిబ్యూటర్ ఫొటోలు ఎక్కించలేడు.

కామెంట్లు ఎవరైనా పెట్టవచ్చు అని ఉంచండి, మోడరేషన్ (మీరు ఆమోదించాకే కామెంటు కనబడడం) ‘ఆల్వేస్’ చేయండి. క్యాప్చా (మనిషేనా అని చూసే బొమ్మల పరీక్ష) ఆపేయండి, లేకపోతే ఒకే ల్యాబ్ నుంచి కామెంట్లు పడుతుంటే ట్రాఫిక్ లైట్ల బొమ్మలు వెతుక్కోవడంతోనే సరిపోతుంది. పిల్లలు ‘అనానిమస్’ బదులు పేరు రాసే ఎంపిక నొక్కాలి, లేకపోతే ఏది ఎవరిదో తెలియదు. ప్రతి పోస్టుకీ జట్టు పేరు లేబుల్‌గా పెట్టండి, ఏడాది చివర ఆ జట్టు రాసినవన్నీ ఒక్క నొక్కుతో కనిపిస్తాయి.

వర్డ్‌లో టైపు చేసి అతికిస్తే అక్షరాల సైజులు తలోరకంగా వస్తాయి. నోట్‌ప్యాడ్ వాడించండి.

ఎర్రసిరా

దిద్దడం గురించి. బ్లాగు మీద ఎర్రసిరా వద్దు. నోట్‌బుక్ డ్రాఫ్టులోనే దిద్దండి, అదీ ఒక పోస్టుకి ఒక రకం తప్పే. ఈసారి భూతకాలం అనుకుంటే ఆర్టికల్స్ జోలికి వెళ్లకండి. తప్పున్న గీత పక్కన గుర్తు పెట్టి వదిలేయండి, సరిచేసేది వాళ్లే.

ప్రచురించాక కనబడ్డ తప్పుకి కామెంటులో జవాబిస్తూ సరైన రూపం వాడితే చాలు. పిల్లాడు ‘యస్టర్డే వి గో టు జాతర’ అని రాస్తే, ‘ఓ, యు వెంట్ టు ద జాతర! వాట్ డిడ్ యు బై?’ అనండి. జవాబులో ‘ఐ బాట్’ అని వచ్చిందంటే పని జరిగినట్టే. రాకపోతే తర్వాతి పీరియడ్‌లో బోర్డు మీద, పేరు చెప్పకుండా.

తెల్లకాగితం

చాలా ఉపయోగం అండి. ఇంట్లో ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి తెస్తే? తల్లిదండ్రుల సంగతి ఎవరూ చెప్పలేదు.

పలక_బలపం

డ్రాఫ్టు తరగతిలోనే, పెన్నుతోనే. కొట్టివేతలు లేని నీటైన డ్రాఫ్టు వస్తే అనుమానించాల్సిందే. అందులో రెండు మాటల అర్థం అడగండి, తేలిపోతుంది. తెలుగు మాట ఒకటీ అరా ఉండిపోతే ఉండనివ్వండి. ‘ముగ్గు’కి డిక్షనరీ వెతికించడం కంటే ముగ్గంటే ఏమిటో ఒక వాక్యంలో రాయించడమే ఇంగ్లీషు.

ల్యాబ్_తాళంచెవి

తల్లిదండ్రులకి తెలుగులో ఒక పేజీ కాగితం ఇచ్చి సంతకం తీసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. అసలు వివరాలే పెట్టకపోతే సగం భయం పోతుంది. కలంపేర్లు వాడండి, బడి పేరు, ఊరు పేరు వద్దు. ఫొటోలు ముగ్గువి, భోజనం పళ్లెంవి సరే, మనుషులవి వద్దు. బ్లాగు సెర్చ్ ఇంజిన్లకి కనబడే సెట్టింగ్ ఆఫ్ చేయండి, అయితే లింకు తెలిసిన వాళ్లెవరైనా చూడగలరని కూడా కాగితంలో రాయండి. దాస్తే తర్వాత తగాదా వస్తుంది. ఎప్పుడు అడిగితే అప్పుడు వాళ్ల పిల్లల రాత తీసేస్తామని చేర్చండి. సంతకం రాని పిల్లలు పని మానక్కర్లేదు, వాళ్ల పోస్టు ప్రింటు తీసి తరగతి గోడకి అంటించండి, కామెంట్లు కింద చీటీల మీద రాస్తారు.