మల్లెతీగకి కత్తెర పెట్టాలా, ఆకు దూసి వదిలేయాలా?

బ్రాడీపేట డాబా:
మాది గుంటూరు. మేడ మీద సిమెంటు తొట్టిలో తీగమల్లె, ఐదేళ్ళది, పందిరంతా పాకింది గానీ పోయిన ఏప్రిల్లో రోజుకి గుప్పెడు మొగ్గలు కూడా రాలేదండీ, అంతా ఆకే. అత్తగారేమో డిసెంబర్లో ఆకు దూసి నీళ్ళు ఆపితే చాలు, తీగ జోలికి పోవద్దంటారు. నర్సరీ అతను సగానికి కొట్టేయమన్నాడు. ఇన్నేళ్ళు పాకించుకున్నది కదా, చేతులు రావట్లేదు.

కృష్ణలంక కుండీలు:
కొట్టేయండి. మొగ్గ వచ్చేది కొత్త చిగురు చివర, ముదురు పుల్లని ఎంత బతిమాలినా పూయదు.

మొగల్రాజపురం మేడ:
అంత ఈజీగా చెప్పకండి, నేను ఇలాంటి మాటే విని ఫిబ్రవరి ఆఖర్లో కత్తిరించా, అప్పటికే వస్తున్న మొగ్గలన్నీ పోయాయి, మళ్ళీ చిగురేసి పూసేసరికి మే వచ్చేసింది. అత్తగారి మాటే సేఫ్.

మైలవరం పిల్ల:
అది కత్తెర తప్పు కాదండీ, నెల తప్పు. మా వైపు మల్లెతోటల్లో రెండూ చేస్తారు, నవంబర్లో నీళ్ళు ఆపేసి, ఆకు దూస్తారు లేదా గొర్రెల మంద తోలితే అవే మేసేస్తాయి, ఎరువూ అక్కడే పడుతుంది, ఆ తర్వాత కత్తిరింపు. ఆ వెంటనే పాదు తవ్వి పశువుల ఎరువేసి నీళ్ళు పెడితే చిగురు తోసుకొస్తుంది. కానీ తోటలో వేరు లోతుకి పోతుంది కాబట్టి ఓర్చుకుంటుంది, తొట్టిలో అన్ని రోజులు ఎండబెడితే చచ్చిపోద్ది, ఆకు కాస్త వాడేదాకా చాలు. జాజికి మాత్రం ఇదే లెక్క పెట్టకండి, అది వానల్లో పూసేది, దానికి కత్తిరింపు డిసెంబర్ ఆఖర్లో.

బ్రాడీపేట డాబా:
ఇప్పుడు గొర్రెల్ని మెట్లెక్కించమంటారా :)

కృష్ణలంక కుండీలు:
అసలు సంగతి అడగనే లేదు, యూరియా వేస్తున్నారా? ఎండెంతసేపు?

బ్రాడీపేట డాబా:
నెలకో గుప్పెడు వేస్తున్నానండీ, ఆకు పచ్చగా ఉంటుందని. ఎండంటే, రెండేళ్ళ కింద పక్కన అపార్ట్‌మెంట్ లేచింది, పదకొండు దాటితే గానీ రాదు, రెండున్నరకి పోతుంది.

మైలవరం పిల్ల:
ఇంకేం, ఆకు రాకేం చేస్తుంది. యూరియా ఆపండి. మల్లెకి పూటంతా ఎండ కావాలి, తొట్టి ఎండ పడే వైపు జరపండి.

బ్రాడీపేట డాబా:
మట్టితో సహా నలుగురు పడితే గానీ కదలదు, పందిరి విప్పాలి, విప్పాలంటే ఎలాగూ కొయ్యాల్సిందే. అత్తగారికి ఎవరు చెప్తారు? తీగ రెండు పాయలుగా ఉంది, ఒకటి ఈ వారం సగానికి కత్తిరిస్తా, రెండోది ఆవిడ చేతే ఆకు దూయిస్తా.

మొగల్రాజపురం మేడ:
దూసిన పాయే ముందు పూస్తుంది చూడండి.

కృష్ణలంక కుండీలు:
యూరియా ఆపి, ఎండలోకి జరిపి, కత్తిరించి, దూసి, అన్నీ ఒకేసారి చేస్తే మార్చిలో దేనివల్ల పూసిందో మళ్ళీ ఇక్కడే కొట్టుకుంటాం.