సొంత కారులో థార్ ఎడారికి వెళ్తున్నాం: అత్యవసర సామగ్రిగా ఏమేం పెట్టుకోవాలి?

కృష్ణలంక బాటసారి (విజయవాడ):
అందరికీ నమస్కారం. డిసెంబరు మూడో వారంలో నేను, నా భార్య, పదేళ్ళ మా అబ్బాయి, మా అమ్మానాన్నలు కలిసి జైసల్మేరుకు సొంత కారులో బయలుదేరుతున్నాం. రానూపోనూ సుమారు నాలుగు వేల కిలోమీటర్లు. రహదారి ప్రయాణం మాకు కొత్త కాదు గానీ, జైసల్మేరు దాటి సమ్ ఇసుక తిన్నెలకూ, అక్కడి నుంచి వచ్చాక మరోరోజు పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి తనోట్, లోంగేవాలాలకూ వెళ్ళాలన్న ఆలోచన ఉంది కనుక కొంచెం దిగులుగా ఉంది. మాది ముందు చక్రాలు మాత్రమే లాగే పెట్రోలు కారు. ఆన్‌లైన్‌లో జంపర్ కేబుళ్ళు, లాగుడు తాడు, టార్చి, మెరిసే చొక్కా కలిపి ఒక ఎర్ర సంచిలో పెట్టి అమ్ముతున్నారు. అది కొంటే సరిపోతుందా, ఇంకేమైనా కావాలా? మా నాన్నగారు ఇన్సులిన్ తీసుకుంటారన్న సంగతి కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పగలరు.

ఆటోనగర్ పాతకాపు (విజయవాడ):
ఆ ఎర్ర సంచి చెడ్డదేమీ కాదండి, కాకపోతే ఎడారిలో మీకు మొదట పనికివచ్చేవి అందులో లేవు. ఇసుకలో దిగబడిన కారును బయటికి తెచ్చేవి ముఖ్యంగా మూడు: ఒక చిన్న పార, గాలి కొలిచే గేజి, పన్నెండు వోల్టుల గాలి పంపు. రోడ్డు మీద 32, 33 పిఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండే టైరును ఇసుకలో 18 దాకా దించితే అది వెడల్పై, బరువు ఎక్కువ జాగా మీద పడి, చక్రం లోపలికి తవ్వుకుపోవడం తగ్గుతుంది. పదిహేను కన్నా కిందికి మాత్రం దించకండి, మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంది. తారురోడ్డు ఎక్కగానే తిరిగి గాలి నింపాకే వేగం పెంచండి, ఎందుకంటే గాలి తక్కువైన టైరు వేడెక్కి పేలుతుంది. చవక పంపులు పది పదిహేను నిమిషాలకే కాగిపోతాయి కాబట్టి రెండు టైర్లు నింపాక కాసేపు ఆపాలి. పంపును గుచ్చే కారు సాకెట్టుకు సరిపడే ఫ్యూజులు రెండు అదనంగా పెట్టుకోండి.

జాకీ గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. కొన్నేళ్ళ కిందట సూర్యలంక తీరంలో టైరు పంక్చరై జాకీ పెడితే, కారు లేవడానికి బదులు జాకీయే ఇసుకలోకి దిగిపోయింది. పక్కనే పడవ దగ్గరున్న ఒక పెద్దాయన అడుగున్నర చెక్క పలక తెచ్చి దాని కింద పెట్టాక గానీ పని కాలేదు. అప్పటి నుంచి నా డిక్కీలో ఒక మందపాటి పలక శాశ్వతంగా ఉంటుంది. ఇంకో మాట: టైర్ల దుకాణాల్లో ఎయిర్‌గన్‌తో బిగించిన నట్లు, కారుతో వచ్చే పొట్టి పానాకు లొంగవు. పానాకు తొడిగే ఇనుప గొట్టం ఒకటి తీసుకుని, బయలుదేరేముందు మీ ఇంటి ముందే ఒక చక్రం విప్పి బిగించి చూడండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో చాలామంది దారిలోనే తెలుసుకుంటారు.

మాజీ సైనికుడు (గుంటూరు):
నేను ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు జైసల్మేరు ప్రాంతంలో ఉన్నాను. ఆటోనగర్ మిత్రులు చెప్పినవన్నీ నిజమే గానీ, ముందు చక్రాల బండితో మీరు తారురోడ్డు దిగకపోవడమే మేలు. సమ్‌లో తిన్నెల మీదకు తీసుకెళ్ళడానికి స్థానికుల జీపులూ ఒంటెలూ ఉంటాయి, మీ కారును రోడ్డు పక్కనే వదలండి. 1971 డిసెంబరులో లోంగేవాలా మీదికి వచ్చిన పాకిస్తాన్ వాహనాలే ఆ ఇసుకలో కూరుకుపోయి, తెల్లవారాక జైసల్మేరు నుంచి వచ్చిన మన హంటర్ యుద్ధవిమానాలకు దొరికిపోయాయి. మన కుటుంబ కార్లెంత?

అయినా దిగబడితే, యాక్సిలరేటరు తొక్కి చక్రాలను గిర్రున తిప్పకండి, తిప్పినకొద్దీ గొయ్యి లోతవుతుంది. అందరూ దిగి, చక్రాల ముందున్న ఇసుకను పారతో వాలుగా తీసి, కాళ్ళ కింద వేసే మ్యాట్లను చక్రాల కిందికి దోపి, స్టీరింగును తిన్నగా ఉంచి రెండో గేరులో మెల్లగా కదిలించండి. పొగగొట్టం ఇసుకలో మునిగి ఉంటే ఇంజను ఆపేయండి. అద్దాలు మూసుకుని ఏసీ కోసం ఇంజను నడిపితే విషవాయువు లోపలికి చేరి, కూర్చున్నవాళ్ళకు తెలియకుండానే ప్రాణం మీదికి వస్తుంది.

ఎవరూ సాయం తెస్తానంటూ నడిచి వెళ్ళకూడదు. దూరం నుంచి వెతికేవారికి మనిషి కనిపించడు, కారు కనిపిస్తుంది. బానెట్ ఎత్తి ఉంచి, కారు నీడన కూర్చోండి. జైసల్మేరు నుంచి తనోట్ సుమారు 120 కిలోమీటర్లు, దారిలో ఫోను సిగ్నలు చాలాచోట్ల ఉండదు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో బస చేసిన చోట కాగితం మీద రాసి ఇచ్చి, ఆ వేళ దాటితే అత్యవసర నంబరు 112కు ఫోను చేయమనండి. పటాలను ముందే ఫోనులోకి దింపుకోండి. ఈల కూడా పెట్టుకోండి, గొంతు కన్నా ఎక్కువ దూరం వినిపిస్తుంది.

గుంటూరు వైద్యురాలు:
అన్నిటికన్నా ముందు పెట్టుకోవలసినది నీరు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మీ ఐదుగురికి ఇరవై లీటర్లు, రేడియేటరు కోసం మరో ఐదు లీటర్లు వేరుగా ఉండాలి. ఇంట్లో వాడే ఇరవై లీటర్ల క్యాను ఒక్కటే పెట్టుకుంటే పగిలిన రోజు మొత్తం పోతుంది, అందుకే ఐదేసి లీటర్ల డబ్బాలు నాలుగైదు తీసుకోండి. చలికాలమని నీటిని తగ్గించకండి, ఆ పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు. రెంటచింతల ఎండను చూసినవాళ్ళం మనకేమిటనుకునే ధైర్యం అక్కడ పనికిరాదు. ఓఆర్‌ఎస్ పొట్లాలు పది పెట్టుకుని, లీటరు పొట్లాన్ని లీటరు నీటిలోనే కలపండి.

మీ నాన్నగారి ఇన్సులిన్‌ను డ్యాష్‌బోర్డులో గానీ డిక్కీలో గానీ ఉంచవద్దు. ఎండలో నిలిపిన కారు చలికాలంలో కూడా వేడెక్కుతుంది. చల్లదనం నిలిపే చిన్న సంచిలో, మంచు ముక్కలకు తగలకుండా గుడ్డ చుట్టి పెట్టండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోవచ్చు కాబట్టి గ్లూకోజు పొడి ఆయన జేబులోనే ఉండాలి. రాత్రిళ్ళు అక్కడ పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే, మన బెజవాడ చలి లెక్క వేసుకుని పల్చటి దుప్పట్లతో వెళ్ళకండి, మనిషికొక ఉన్ని దుప్పటి కారులోనే ఉండాలి.

కృష్ణలంక బాటసారి:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా వీధిలోనే చక్రం విప్పబోయాను, రెండు నట్లు అసలు కదలలేదు, గొట్టం తొడిగాకే వచ్చాయి. ఇంకొక సందేహం: బంకులు దొరకవేమోనని పదిలీటర్ల పెట్రోలు డబ్బా వెంట తీసుకెళ్ళవచ్చా?

ఆటోనగర్ పాతకాపు:
వద్దండి. మూసిన కారులో ప్లాస్టిక్ డబ్బాలోని పెట్రోలు ఆవిరై, పిల్లలూ పెద్దలూ కూర్చున్న చోట అంటుకునే ప్రమాదం ఉంది. జైసల్మేరులో ట్యాంకు నిండా పోయించుకుంటే తనోట్ వెళ్ళిరావడానికి రెండు వందల యాభై కిలోమీటర్లే అవుతుంది, మీ బండికి అది ఇబ్బంది కాదు. ఆ పదిలీటర్ల జాగాలో నీళ్ళు పెట్టండి. ఒక కిలో మంట ఆర్పే సిలిండరును డిక్కీలో కాకుండా డ్రైవరు సీటుకు చెయ్యి అందేలా బిగించండి. ఇంజను వేడెక్కి హెచ్చరిక దీపం వెలిగితే రేడియేటరు మూత వెంటనే తీయకండి, అరగంట ఆగి, గుడ్డ కప్పి మెల్లగా తిప్పండి. పారను కూడా సామాన్ల అడుగున కాకుండా అన్నిటికన్నా పైన పెట్టండి, లేకపోతే నడి ఇసుకలో ఐదుగురి సూట్‌కేసులు దించి దాని కోసం వెతుక్కోవలసి వస్తుంది.