అప్‌డేట్: హేజెల్‌నట్ మొక్కలు గింజతోనా, అంటుతోనా?

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఉన్న మా కొద్దిపాటి పొలానికి హేజెల్‌నట్ మొక్కలు గింజ నుంచి పెంచుకోవచ్చా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ఆ ఆలోచన మానేశాం. గింజ మొక్కకు తల్లి లక్షణాలు అచ్చంగా రావు.

బదులుగా జెఫర్సన్ అనే హేజెల్‌నట్ రకానికి నేల అంటు కట్టాం. వేసవి మొదట్లో చెట్టు మొదలు నుంచి లేచిన పిలకలకు అడుగు ఆకులు తీసేసి, లోహపు తీగ బిగించి, దానికి కాస్త పైన వేర్లు పుట్టించే ఐబీఏ హార్మోన్ రాసి, రంపపు పొట్టు ఎగదోశాం. పిలక లావెక్కేకొద్దీ తీగ బిగుసుకుంటుంది, దాని పైభాగంలోనే వేర్లు పుడతాయి. పొట్టు ఎండితే అంతే సంగతులు, మాకున్న టెన్షనల్లా అదే. ఆకు రాలాక కోశాం. వేర్లు బాగానే వచ్చాయి, బక్కవాటిని ఇంకో ఏడాదికి మడిలో పెట్టాం.

హేజెల్‌నట్ చెట్లకు వచ్చే శిలీంధ్ర తెగులు ఈస్టర్న్ ఫిల్బర్ట్ బ్లైట్ గురించి హెచ్చరించినవాళ్లకు థాంక్స్. ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ 2009లో విడుదల చేసిన జెఫర్సన్‌లో దాన్ని తట్టుకునే గాసవే జన్యువు ఉంది. అయినా తల్లిచెట్ల కొమ్మలు వెతికి, నల్ల పుండ్లు లేవని చూశాకే కట్టాం. కొన్ని కొత్త రకాలకు పేటెంట్ ఉంటుంది, అంటు కట్టేముందు అనుమతి సంగతి తేల్చుకోండి.

జెఫర్సన్ తన పుప్పొడితో తాను కాయదు. అందుకే మధ్యమధ్యలో దానికి పుప్పొడి ఇచ్చే ఈటా, థీటా అనే హేజెల్‌నట్ రకాల మొక్కలు పెడుతున్నాం. అవి మాత్రం నర్సరీలోనే కొన్నాం.