కొబ్బరిచెట్లు కొట్టకుండా ఇంట్లో హెచ్‌డీ టీవీ పెట్టించుకునే దారి ఉందా?

తోటలో ఇల్లు (అంబాజీపేట దగ్గర):

అందరికీ నమస్కారమండి. మా ఇల్లు కొబ్బరితోట మధ్యలో ఉంటుంది. మా మావయ్యగారికి శ్రావణంలో శుక్లాల ఆపరేషన్ చేయించాం. చూపు బాగా వచ్చిందని డాక్టరుగారు చెప్పారు. ఆ సంతోషంలో మావారు 43 అంగుళాల టీవీ కొన్నారు గానీ, దానికి పాత కేబుల్ బాక్సే తగిలించాం. బొమ్మంతా అలుక్కుపోయినట్టు ఉంటోంది. క్రికెట్ వస్తున్నంతసేపూ మావయ్యగారు "స్కోరెంతమ్మా?" అని నన్ను అడుగుతున్నారు. కింద వేసే అంకెల్లో 3 ఏదో 8 ఏదో తెలియడం లేదు. ఆపరేషన్ సరిగ్గా కుదరలేదేమోనని ఆయనకి ఒకటే టెన్షన్. "నాకూ అలాగే కనిపిస్తోంది మావయ్యా" అని ఎన్నిసార్లు చెప్పినా, ఊరికే ధైర్యం చెబుతున్నాననుకుంటున్నారు.

డిష్ పెట్టిద్దామని ఒకతన్ని పిలిచాం. మేడెక్కి ఫోన్‌లో దిక్కు చూసుకుని, ఆగ్నేయం వైపు రెండు చెట్లు అడ్డొస్తున్నాయి, కొట్టించేస్తే సాయంత్రానికి బిగించేస్తానన్నాడు. ఆ మాట చెవిన పడగానే మావయ్యగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. 1996 నవంబరు తుపానుకి ఈ తోటలో నాలుగంటే నాలుగు చెట్లు నిలిచాయట. ఇప్పుడున్నవన్నీ ఆ తర్వాత ఆయనా, మా అత్తయ్యగారూ బిందెలతో నీళ్ళు మోసి పెంచినవి. అత్తయ్యగారు ఇప్పుడు లేరు. టీవీ కోసం ఆ చెట్ల మీద కత్తి పడడం నాకు అస్సలు ఇష్టం లేదు.

ఇక మిగిలింది కేబుల్‌లోనే హెచ్‌డీ, లేకపోతే కాలవగట్టు వెంట కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన ఫైబర్. మాకు ఈటీవీ, మా, జెమినీ, క్రికెట్ వస్తే చాలు. దసరాలోపు పెట్టించాలని ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కేబుల్ పనివాడు (పాలకొల్లు):

చెల్లెమ్మా, ఇరవయ్యేళ్ళుగా లైను పనిలో ఉన్నాను. కొత్తది ఏదైనా కొనేముందు టీవీ వెనక్కి ఒకసారి చూడు. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు ఉందా? ఉంటే అందులోంచి హెచ్‌డీ రాదు. దాంట్లో వచ్చేది 576 గీతల బొమ్మ. హెచ్‌డీ తెరకి 1080 గీతలుంటాయి కాబట్టి టీవీ ఆ బొమ్మనే సాగదీసి నింపుతుంది. మూడూ ఎనిమిదీ కలిసిపోయేది అక్కడే. మావయ్యగారి కళ్ళకి ఏ లోపమూ లేదని నా మాటగా చెప్పు.

హెచ్‌డీ బాక్సు, హెచ్‌డీఎంఐ వైరు, హెచ్‌డీ చానళ్ళు, ఈ మూడూ ఉండాలి. మామూలు చానల్ నంబరు వేరు, హెచ్‌డీ నంబరు వేరు. డబ్బు హెచ్‌డీకి కట్టి, అలవాటుకొద్దీ పాత నంబరే నొక్కి చూసేవాళ్ళ ఇళ్ళు ఎన్నో చూశాను. ప్యాకు ధర అడిగేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపి చెప్పమను. మీ కేబుల్ అతని దగ్గర హెచ్‌డీ బాక్సు ఉంటే దానితోనే పని అయిపోతుంది.

గోదారి ఒడ్డు (రాజోలు):

మాది ఫైబరండి, రెండేళ్ళయింది. బొమ్మ అద్దంలా ఉంటుంది, జోరువానలోనూ ఆగదు. హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ వేగం సరిపోతుంది కాబట్టి పెద్ద ప్లాను అక్కర్లేదు. కానీ స్తంభానికీ మీ ఇంటికీ మధ్య ఎన్ని కొబ్బరిచెట్లున్నాయో లెక్కపెట్టుకోండి. మాకు మొన్న గాలివానకి ఎండుమట్ట పడి వైరు తెగింది. అతికేవాళ్ళు వచ్చేసరికి అయిదో రోజు. తోటలో ఇల్లంటే నాకు అదే భయం.

రిటైర్డ్ సైన్సు మాస్టారు (కాకినాడ):

అమ్మా, చెట్లు కొట్టించకు. ఉపగ్రహాలన్నీ ఒకే చోట ఉండవు. అతను ఆగ్నేయం అన్నాడంటే బాగా తూర్పున ఉన్న ఉపగ్రహం కోసం చూశాడన్నమాట. అది మనకి కాస్త కిందికి, చెట్ల తలల్లో ఉంటుంది. టాటా ప్లే అనే డిష్ కంపెనీ వాడే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి. మన దేశానికి గడియారం పెట్టే 82.5 డిగ్రీల రేఖ మా కాకినాడ దగ్గరనుంచే పోతుంది కదా, అంటే ఆ ఉపగ్రహం కోనసీమకి దాదాపు నేరుగా దక్షిణాన, 70 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. సన్ డైరెక్ట్, డీడీ ఫ్రీ డిష్ 93.5 దగ్గర, ఇంకా తూర్పుకి. ఫ్రీ డిష్‌కి నెలనెలా కట్టక్కర్లేదు గానీ నువ్వడిగిన హెచ్‌డీ చానళ్ళు అందులో రావు.

ఇప్పుడొక చిన్న పరీక్ష. అక్టోబరు మొదటి రోజుల్లో, మధ్యాహ్నం పన్నెండుకి ఓ పావుగంట ముందు, సూర్యుడు సరిగ్గా ఆ 83 డిగ్రీల ఉపగ్రహం ఉన్న చోటికే వస్తాడు. ఆ సమయానికి మీ ఆవరణలో ఎక్కడ నిఖార్సయిన ఎండ పడుతుందో అక్కడ డిష్ పెట్టొచ్చు. మట్ట నీడ పడిందంటే అక్కడ సిగ్నల్‌కి ఆ మట్టే అడ్డం. డిష్ మేడ మీదే ఉండాలని ఎక్కడా లేదు.

జోరువానలో కాసేపు బొమ్మ పోతుంది, అది ఏ డిష్‌కైనా తప్పదు. ఆ తరంగాల్ని వానచినుకులు పీల్చేసుకుంటాయి. ఉపగ్రహం నడినెత్తికి దగ్గరగా ఉంటే వానలో ప్రయాణించే దూరం తగ్గుతుంది, అదొక మేలు. మన ఉప్పుగాలికి బోల్టులు ఏడాదికే తుప్పు పడతాయి. జింకు పూత ఉన్నవి వేయించు, వైరు కొసకి రబ్బరు టేపు చుట్టించు.

తోటలో ఇల్లు:

అన్నయ్యగారూ, బాక్సు వెనక ఆ మూడు రంగుల వైరే ఉంది! మా కేబుల్‌లో హెచ్‌డీ బాక్సుల్లేవన్నారు. దాంతో మాస్టారు చెప్పినట్టే చేశాను.

ఆదివారం పదకొండున్నర నుంచీ ఆవరణంతా తిరిగాను. మేడ మీద అంతా మట్టల నీడే, గాలికి ఊగుతూ ఒక్కచోట నిలవలేదు. వాకిట్లోనూ అంతే. పదకొండు నలభై అయిదుకి పెరట్లో నూతి పక్కన, మేము కొబ్బరికాయలు ఒలిచే చోట, చాపంత మేర ఎండ పడింది. నాలుగు మూలలా నాలుగు కొబ్బరి డొక్కలు పెట్టి గుర్తుంచుకున్నాను. మావయ్యగారు అరుగు మీద కూర్చుని చూస్తూ, "అక్కడ మీ అత్తయ్య వడియాలు ఎండబెట్టేది" అన్నారు.

మంగళవారం వేరే అతను వచ్చి అక్కడే సిమెంటు దిమ్మ కట్టి బిగించాడు. మొదటిసారి తిప్పగానే సిగ్నల్ దొరికింది. జింకు బోల్టులే వేశాడు, హెచ్‌డీఎంఐ వైరూ పెట్టాడు.

ఆ సాయంత్రం మ్యాచిలో మావయ్యగారు నన్ను స్కోరు అడగలేదు. ఆయనే ఓవర్లూ, బంతులూ, బౌలరు పేరూ పైకి చదువుతుంటే వంటింట్లోకి వినిపించింది. తెల్లారి చెట్లెక్కి కొబ్బరి దింపుతీసే అతను వస్తే, నూతి పక్క చెట్టుకున్న ఎండుమట్టలు డిష్ మీద పడకుండా ముందే దింపెయ్యమని చెప్పారు.