మార్క్ మార్కెజ్ కుడి మలుపుల్లో బండి నడిపే తీరు మారిందా?

మోటోజీపీ (మోటార్‌సైకిల్ రేసుల ప్రపంచ పోటీ)ని ఏళ్లుగా చూస్తున్నవారు, ఎముకల వైద్యం తెలిసినవారు దయచేసి చెప్పండి. 2020 జులైలో స్పెయిన్‌లోని హెరెస్ రేసులో పడి రేసర్ మార్కెజ్ కుడి పైచేయి ఎముక విరిగింది. 2022లో నాలుగో శస్త్రచికిత్సలో ఆ ఎముకను కోసి, దాదాపు 30 డిగ్రీలు తిప్పి అమర్చారు. ముందు బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ ఆ చేతి కిందే కదా! అయినా 2025లో మళ్లీ ప్రపంచ విజేత అయ్యాడు. ఆ రోజు నాకు కన్నీళ్లు ఆగలేదు.

చేయి పూర్తిగా కోలుకోకముందే, 2021లో జర్మనీలోని సాక్సెన్‌రింగ్ ట్రాక్‌లో గెలిచాడు. అయితే అక్కడ 13 మలుపుల్లో 10 ఎడమవైపువే. నా సందేహమంతా కుడి మలుపుల గురించే. పాత వీడియోలతో పోలిస్తే ఇప్పుడు ఆ మోచేయి ఒంటికి దగ్గరగా ఉంటున్నట్టు నాకు అనిపిస్తోంది. అది చేయి వల్లా, హోండా వదిలి డుకాటీకి మారడం వల్లా?