ఉష్ణోగ్రత పెంచగానే మోడల్లో పొలమంతా ఒకే పంట అయిపోతోంది

ప్రశ్న:
డీశాట్‌లో (పంట దిగుబడిని అంచనా వేసే సాఫ్ట్‌వేర్) వచ్చిన దిగుబడులు తీసుకుని, నికరాదాయం గరిష్ఠమయ్యేలా లీనియర్ ప్రోగ్రామింగ్ మోడల్ రాశాను. పరిమితులు మూడు: భూమి, నీళ్లు, కూలీలు. ఇప్పటి వాతావరణానికి మూడు పంటలూ వస్తున్నాయి. 2 డిగ్రీలు పెంచితే మొక్కజొన్న పూర్తిగా పోయి అంతా జొన్నే, అదీ మొదటి ఏడాదే. రైతులు ఇలా మారరు కదా, ఎక్కడ సరిచేయాలి?

జవాబు 1:
ఆ రన్‌లో నీళ్లకు, కూలీలకు షాడో ప్రైస్ (ఆ వనరు ఇంకొక్క యూనిట్ ఉంటే పెరిగే ఆదాయం) సున్నా వచ్చిందేమో చూడండి. బిగిసిన (పూర్తిగా వాడుకైపోయిన) పరిమితులు ఎన్నో, జవాబులో పంటలు అంతకు మించవు. జొన్నకు నీళ్లు తక్కువ చాలు కాబట్టి ఇక భూమి ఒక్కటే బిగిసింది, పంటా ఒక్కటే మిగిలింది.

హోవిట్ 1995లో ప్రచురించిన పాజిటివ్ మ్యాథమెటికల్ ప్రోగ్రామింగ్ (ఇప్పటి విస్తీర్ణాలే జవాబుగా వచ్చేలా ఖర్చులను సరిచేసే పద్ధతి) వాడండి. ముందు ప్రతి పంటకూ ఇప్పటి విస్తీర్ణాన్నే పైహద్దుగా పెట్టండి, 0.0001 వంతు వదులుతో. ఆ వదులు లేకపోతే భూమి విలువా పంట హద్దు విలువా విడిగా తేలవు. పంట హద్దుకు వచ్చిన షాడో ప్రైస్‌ని ఆ విస్తీర్ణంతో భాగిస్తే, విస్తీర్ణంతో పాటు పెరిగే ఖర్చుకు వాలు (పెరిగే రేటు) దొరుకుతుంది. ఆ ఖర్చు చేర్చి హద్దులు తీసేయండి.

ఒక్క జాగ్రత్త: ఇప్పుడు అసలు వేయని పంటకు ఈ పద్ధతిలో వాలు రాదు, అది ఎప్పటికీ మోడల్లోకి రాదు. వాతావరణ మార్పు అధ్యయనానికి ఇది పెద్ద లోటే. ఇప్పటికే వేడిగా ఉన్న ప్రాంతపు ఖర్చులతో అలాంటి పంటలను విడిగా చేర్చాలి.

జవాబు 2:
అది సగం పనే. మీ మోడల్లోని రైతుకు భవిష్యత్తు ముందే తెలిసిపోతోంది. 30 ఏళ్ల సగటు ఇవ్వకుండా ఏడాదికేడాది వాతావరణం ఇచ్చి, అంచనాను ఇలా మార్చండి: కొత్త అంచనా = పాత అంచనా + లాంబ్డా × (వచ్చిన దిగుబడి − పాత అంచనా). లాంబ్డా అంటే కొత్త అనుభవానికి రైతు ఇచ్చే బరువు, 0.2 అనుకుందాం. దిగుబడి ఒక్కసారిగా 10 క్వింటాళ్లు పడిపోయి అక్కడే నిలిస్తే, ఐదేళ్ల తర్వాత రైతు అంచనా సుమారు 6.7 క్వింటాళ్లే దిగుతుంది. మారే ఖర్చుకు మించి లాభం కనిపిస్తేనే పంట మార్చనివ్వండి. తోటలుంటే చెట్ల వయసు లెక్క తప్పనిసరి, లేకపోతే నిరుడు నాటినవి మోడల్ ఈ ఏడాదే పీకేస్తుంది.

ప్రశ్నించినవారు:
రెండూ చేశాను, ధన్యవాదాలు. గతంలో నిజంగా వేసిన పంటల పటంతో పోలిస్తే 92 శాతం గళ్లు (పటంలోని చిన్న చదరాలు) సరిపోయాయి. చాలా?

జవాబు 2:
ఆ కాలంలో నిజంగా మారిన గళ్లెన్ని? 5 శాతమే అయితే, ఏమీ మారదని చెప్పే మోడల్‌కే 95 వస్తుంది. మార్పును సరిగ్గా పట్టుకున్న గళ్లను, అవీ, పట్టుకోలేక తప్పినవీ, లేని మార్పును ఉన్నట్టు చూపినవీ కలిపిన మొత్తంతో భాగించి చూడండి. లాంబ్డా సరిచేసిన కాలం మీదే పరీక్ష పెట్టకండి, వేరే కాలం తీసుకోండి.